ఎవరి చేతి గీత? మిథిల స్త్రీల బొమ్మలు, బొంతలు చెప్పిన చరిత్ర

1934 జనవరి 15న బీహారులో వచ్చిన పెద్ద భూకంపం మిథిల ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లనే కూల్చింది. అప్పుడు మధుబని సబ్ డివిజన్ అధికారిగా ఉన్న డబ్ల్యు.జి. ఆర్చర్ అనే ఆంగ్లేయుడు నష్టం చూడడానికి ఊళ్లు తిరుగుతుంటే, పగిలిన మట్టి గోడల వెనక, లోపలి గదుల్లో, రంగురంగుల బొమ్మలు కనిపించాయి. పెళ్లయిన జంట కోసం సిద్ధం చేసే గదిని అక్కడ కోహ్‌బర్ అంటారు. ఆ గది గోడల మీద తామరలు, వెదురు పొదలు, చేపలు, చిలకలు గీసేది ఇంటి ఆడవాళ్లే. బయటివాళ్లకు అక్కడ పని లేదు. భూమి కంపించి గోడ పడిపోతే తప్ప ఆ బొమ్మలు బయటి కంటికి చేరలేదు. ఆర్చర్ వాటిని ఫోటోలు తీశాడు. 1949లో 'మార్గ్' పత్రికలో వ్యాసం రాశాడు. మిథిల చిత్రకళ చరిత్ర రాసేవారు సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఆ వ్యాసంలో ఉన్నవి బ్రాహ్మణుల, కాయస్థుల ఇళ్ల గోడలు. అవే ఊళ్లలో దుసాధుల వాడలు, చమారుల వాడలు, చేపలు పట్టి బతికే మల్లాహుల వాడలు కూడా ఉన్నాయి. ఆ భూకంపం వారి గుడిసెలను వదిలిపెట్టలేదు. కానీ ఆ గుడిసెల్లోని స్త్రీలు ఏమి గీసేవారో, దేని మీద గీసేవారో బయటి ప్రపంచం పట్టించుకోవడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, సామాజిక సేవలో ఉన్నవాళ్లం ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాం. కష్టాల్లో ఉన్న స్త్రీలను ప్రశ్నలతో వేధించకండి, వారి చేతికి కాగితం, రంగులు, గుడ్డ, సూది ఇవ్వండి, వారి కథ వారే చెబుతారు అని. శిక్షణ తరగతుల్లో దీన్ని విదేశాల నుంచి దిగిన సరికొత్త పద్ధతిలాగా బోధిస్తారు. మన దేశంలోనే దీనికి యాభై ఏళ్లకు మించిన అనుభవం ఉంది. ఆ అనుభవాన్ని తిరగేస్తే స్త్రీలు ఏమి చెప్పారో తెలుస్తుంది. వాళ్లు చెప్పింది మన దాకా వచ్చేలోపు మధ్యలో ఎవరెవరి చేతులు పడ్డాయో కూడా తెలుస్తుంది. నా దృష్టిలో రెండోది మొదటిదానికన్నా తక్కువ ముఖ్యమేమీ కాదు.

నేను లా చదివినదాన్ని కనుక, చట్టం స్త్రీ మాటను ఎలా వింటుందో ముందు చెప్పుకోవాలి. పోలీసు దర్యాప్తులో సాక్షి చెప్పింది పోలీసు అధికారి రాసుకుంటాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 161వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 180వ సెక్షన్. ఆ కాగితం మీద చెప్పిన మనిషి సంతకం తీసుకోకూడదు. పాత 162, ఇప్పటి 181 ఆ మాట స్పష్టంగా అంటాయి. బలవంతపు సంతకాల నుంచి మనిషిని కాపాడడానికి పెట్టిన నిబంధన అది, మంచిదే. కానీ ఆచరణలో జరిగేది ఏమిటంటే, ఆమె ఏడుస్తూ చెప్పిన గంట సేపటి మాట స్టేషన్ భాషలో పదిహేను వాక్యాలవుతుంది. ఆమె చెయ్యి ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారి తయారు చేసే నివేదిక ఉంది. అందులో శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మానసికంగా చేసే హింస, ఆర్థిక హింస అని విడివిడిగా గళ్లుంటాయి. వర్తించేదాని పక్కన టిక్కు పెట్టాలి. ఆ ఫారం ఎందరో స్త్రీలకు రక్షణ ఉత్తర్వులు తెచ్చిపెట్టింది, దాన్ని తక్కువ చేయను. అయితే నాలుగు గళ్లలోనూ టిక్కు పడ్డ స్త్రీ జీవితం, నాలుగు గళ్లలోనూ టిక్కు పడ్డ మరో స్త్రీ జీవితం ఆ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి.

కోర్టులు బొమ్మను అసలు చూడవని అనుకోనక్కర్లేదు. 2017లో ఢిల్లీలో ఒక కోర్టు, బంధువు చేతిలో లైంగిక హింసకు గురైన పసిపిల్ల గీసిన బొమ్మను ఆమె సాక్ష్యానికి తోడుగా తీసుకుంది, నిందితుడికి శిక్ష వేసింది. అలాంటివి అరుదు. మామూలుగా న్యాయస్థానానికి కావలసింది తేదీ, స్థలం, వరుస. మనిషి బతుకు ఆ వరుసలో గుర్తుండదు.

ఇక మిథిలకు వద్దాం. 1966-67లో బీహారులో వానలు లేక కరువు వచ్చింది. అప్పట్లో అఖిల భారత హస్తకళల బోర్డును నడుపుతున్న పుపుల్ జయకర్, భాస్కర్ కులకర్ణి అనే ముంబై చిత్రకారుణ్ణి కాగితాల కట్టలతో మధుబని పంపారు. గోడల మీద గీసేవాళ్లు కాగితం మీద గీస్తే అమ్మి పెడతామన్నది ఆలోచన. కరువు పనుల్లో రోడ్డు మీద మట్టి మోయడానికి గడప దాటలేని అగ్రకుల స్త్రీలకు ఇంట్లో కూర్చుని చేసుకునే పని దొరికింది. జిత్వార్‌పూర్‌లో జగదంబాదేవి, సీతాదేవి వంటివారు అలా వెలుగులోకి వచ్చారు. జగదంబాదేవికి 1975లో పద్మశ్రీ వచ్చింది. కూలి దొరకని దళిత స్త్రీకి కూడా ఆ కరువే. కానీ కాగితం ముందుగా చేరింది గోడ బొమ్మలకు పేరున్న ఇళ్లకే.

ఆ మొదటి తరంలో గంగాదేవి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 1928లో పుట్టిన కాయస్థ స్త్రీ. భర్త మరో పెళ్లి చేసుకుని ఆమెను పక్కన పెట్టాడు. సన్నటి కలం గీతతో కోహ్‌బర్ బొమ్మలు గీయడంలో ఆమెకు సాటి లేరని పేరు. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. భారత ఉత్సవాల సందర్భంగా అమెరికా వెళ్లి వచ్చి, అక్కడ చూసిన రోలర్ కోస్టర్‌ను మిథిల గీతలో దింపారు. ఆ తర్వాత క్యాన్సర్ వచ్చింది. ఢిల్లీలో చికిత్స. అప్పుడామె తన జబ్బునే వరుస బొమ్మలుగా గీశారు. ఊరి నుంచి ప్రయాణం, ఆసుపత్రి, డాక్టర్లు, మంచం మీద తాను. అంతకు ముందు పెళ్లి గది గోడ మీద తామరను గీసిన అదే సరంజామాతో రోగి మంచాన్ని గీయడం అంటే ఏమిటో ఆలోచించండి. సంతానం కలగాలని దీవించే గుర్తులు నేర్చుకున్న చెయ్యి అది. సంతానం లేదని తోసేసిన స్త్రీ చెయ్యి. ఆమె బాధ గురించి ఎవరైనా ప్రశ్నావళి పట్టుకుని వెళ్లి ఉంటే 'భర్త విడిచిపెట్టాడు, అనారోగ్యం' అని రెండు గళ్లు నిండేవి.

అదే రోజుల్లో ఢిల్లీలోని క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గది గోడలన్నీ ఆమె కోహ్‌బర్‌గా గీశారు. 1991లో ఆమె పోయారు. 2015లో ఆ మ్యూజియం మరమ్మతుల్లో ఆ గోడలు పోయాయి. పద్మశ్రీ ఇచ్చిన ప్రభుత్వపు మ్యూజియమే అది. భూకంపం బయటపెట్టిన బొమ్మలతో మొదలైన చరిత్రలో ఈ సంగతి కూడా ఉంది.

దుసాధు స్త్రీల కథ ఇంకో దారిది. దుసాధులు, ఈనాడు పాస్వాన్ అని పిలుచుకునేవారు, ఊరి కావలి పనిలో, పొలం కూలిలో బతికిన అంటరాని కులం. వారి ఇళ్లకు కోహ్‌బర్ బొమ్మల సంప్రదాయం లేదు. వారికి ఉన్నవి రెండు. ఒకటి రాజా సల్హేశ్ కథ. సల్హేశ్ దుసాధుల వీరుడు, ఏనుగు మీద వస్తాడు, తమ్ముళ్లుంటారు, అతణ్ణి ప్రేమించిన పూలమ్మే మాలిన్ స్త్రీలుంటారు. ఆ కథను రాత్రంతా పాడతారు. గహ్‌బర్ అనే చిన్న గుడుల్లో అతని మట్టి బొమ్మలు పెడతారు. రెండోది గోద్నా, అంటే పచ్చబొట్టు. నట్ కులపు సంచార స్త్రీలు ఊరూరూ తిరుగుతూ స్త్రీల చేతుల మీద, కాళ్ల మీద పొడిచే చుక్కలూ పూలూ.

పచ్చబొట్టు గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన పల్లెల్లో బుట్టా తట్టా పట్టుకుని వచ్చి సోది చెప్పి పచ్చబొట్టు పొడిచే ఎరుకల స్త్రీలను చూసిన తరం ఇంకా బతికే ఉంది. చచ్చాక ఒంటి మీది నగలన్నీ వలుచుకుంటారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుంది అని మా నాయనమ్మ తరం అనేది. ఉత్తరాదిలోనూ ఆ మాటే అంటారట. సొంతంగా గోడ కూడా నిలకడగా లేని మనిషి తన ఒంటినే గోడ చేసుకుంది అనిపిస్తుంది నాకు. ఆ గీతలు గీసిన ఎరుకల వారిని జాతికి జాతినే బ్రిటిష్ ప్రభుత్వం నేర తెగల జాబితాలో చేర్చింది, స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కట్టిపడేసింది. అది వేరే వ్యాసం కావలసిన విషయం.

1970 దశకంలో ఎరికా మోజర్ అనే జర్మన్ మానవశాస్త్రవేత్త జిత్వార్‌పూర్ వచ్చి దుసాధు వాడలో తిరిగింది. కాగితం మీద మీరూ గీయండి, మీ కథలు గీయండి అని ప్రోత్సహించింది. చానోదేవి అనే దుసాధు స్త్రీ ఒంటి మీది గోద్నా గుర్తులను కాగితం మీదికి తెచ్చారు. దీపపు మసితో నల్ల సిరా, వెదురు పుల్లతో కలం. వరుసలు వరుసలుగా, వలయాలు వలయాలుగా పూలు, జంతువులు, మనుషులు, మధ్యలో సల్హేశ్. చమారు కులానికి చెందిన జమునాదేవి కాగితానికి పేడ నీళ్ల పూత పూసి దాని మీద గీశారు. తర్వాత మిగిలిన కులాల చిత్రకారులు కూడా ఆ పూతను వాడుకున్నారు. అలికిన మట్టి గోడ రంగు అలా కాగితానికి వచ్చింది. ఇంటి పనిలో రోజూ ముంచే చెయ్యే ఆ పూతా పూసింది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 'మీ సొంత కథ గీయండి' అన్న మాట చాలా గౌరవంగా వినిపిస్తుంది. దుసాధు స్త్రీలకు అది మేలు చేసింది కూడా. కోహ్‌బర్‌ను నాసిగా అనుకరించే అవస్థ తప్పింది, తమ వీరుడి కథకు దేశదేశాల్లో గోడ దొరికింది. కానీ అగ్రకుల స్త్రీ రాముణ్ణీ, కృష్ణుణ్ణీ, అమెరికానూ, తన జబ్బునూ ఏదైనా గీయవచ్చు, దళిత స్త్రీ మాత్రం దళిత కథే గీయాలి, పేడ రంగు మీదే గీయాలి అని కొనేవాడు ఆశించడం మొదలైతే? వాడ నుంచి బయటపడిన మనిషికి కాగితం మీద మళ్లీ ఒక వాడ కట్టినట్టే. దళిత గోద్నా చిత్రకారులు క్రమంగా నల్ల గీత నుంచి కొట్టొచ్చే రంగులకు మారారు. దాన్ని కొందరు పాత స్వచ్ఛత పోయిందని విమర్శిస్తారు. నాకలా అనిపించదు. రంగు కొనగలిగాక రంగు వేసుకున్నారు, అంతే.

బజారు ఇంకో చెయ్యి. ఢిల్లీ వ్యాపారులు వచ్చి తొందరగా, చవకగా రామాయణం బొమ్మలు కావాలని వందల కొద్దీ గీయించుకున్నారు. సొంత బాధ గీసే స్త్రీ కూడా కడుపు కోసం సీతా స్వయంవరం గీసింది. రేమండ్ ఓవెన్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఈ దోపిడీ చూసి వేరే పద్ధతి పెట్టాడు. బొమ్మలు మంచి ధరకు కొనడం, అమెరికాలో అమ్మడం, అమ్మగా వచ్చిన లాభం మళ్లీ గీసినవారికి తెచ్చి ఇవ్వడం. 1977లో జిత్వార్‌పూర్‌లో చిత్రకారిణుల సంఘం ఏర్పడడంలో ఆయన, మోజర్ ఇద్దరూ సాయపడ్డారు. కథ చెప్పమని అడిగినవాడు ఆ కథ మీద వచ్చిన డబ్బుకు లెక్క చెప్పాడు. మన రంగంలో ఎన్ని నివేదికలు, ఎన్ని ప్రదర్శనలు ఆ పరీక్షకు నిలబడతాయో మనల్ని మనమే అడుగుదాం.

మధుబనికి పడమటగా ముజఫర్‌పూర్ జిల్లా ఉంది. అక్కడ స్త్రీల కథ గోడ మీద కాకుండా బొంత మీద ఉంది. పాత చీరలూ ధోవతులూ పొరలు పొరలుగా పేర్చి, పుట్టబోయే బిడ్డ కోసం కుట్టే బొంతను అక్కడ సుజనీ అంటారు. మన ఇళ్లలో బాలింతరాలి పక్కన పరిచే బొంత లాంటిదే. కొత్త గుడ్డ కంటే పాత గుడ్డ మెత్తన, పైగా ఎన్నో ఒళ్లు తాకిన గుడ్డ బిడ్డను కాపాడుతుందన్న నమ్మకం. చితిరియా మా, పీలికల తల్లి అని ఒక దేవత కూడా ఉంది వారికి. 1988లో పట్నాలో విజీ శ్రీనివాసన్ స్థాపించిన 'అదితి' అనే సంస్థ, ముజఫర్‌పూర్ జిల్లా భుసురా గ్రామంలో నిర్మలాదేవి వంటి స్థానిక స్త్రీలతో కలిసి ఆ మరుగున పడ్డ కుట్టును మళ్లీ లేపింది.

మొదట పూలూ పక్షులే కుట్టారు. తర్వాత బొంత మీదికి వరకట్నం వచ్చింది, తాగి కొట్టే మగడు వచ్చాడు, పుట్టకముందే చంపే ఆడపిల్ల వచ్చింది, బడికి వెళ్లే ఆడపిల్ల, ఓటు వేసే స్త్రీ వచ్చారు. బొమ్మ అంచులకు ముదురు దారంతో గొలుసు కుట్టు, లోపలంతా రంగు దారాలతో సన్నటి రన్నింగ్ స్టిచ్. ఒక పెద్ద సుజనీకి వారాలు పడుతుంది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని కుడతారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ కూర్చోవడమే. కళ్లు గుడ్డ మీద ఉంటాయి, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు. మొహం చూసి చెప్పలేని మాట సూది కదులుతుంటే బయటికి వస్తుంది. ఒకామె తన మగడి సంగతి చెబితే పక్కామె తల ఎత్తకుండా 'మా ఇంట్లోనూ అంతే' అంటుంది. ఎవరి బాధ ఏ మూల కుట్టారో బయటివాళ్లకు తెలియదు. ఫిర్యాదు రాసిస్తే ఇంట్లో తన్నులు పడే మనిషికి ఆ తెలియకపోవడమే రక్షణ. పోలీసు స్టేషన్‌లో పేరు లేకపోతే కేసు లేదు. ఇక్కడ పేరు లేనందుకే మాట బయటికి వచ్చింది.

సుజనీ కుట్టే ఆ ప్రాంతం మనకు పరాయిది కాదు. ముజఫర్‌పూర్ పక్కనే వైశాలి. మహాప్రజాపతి గౌతమి వైశాలి మహావనంలోని కూటాగారశాల దగ్గర నిలబడి స్త్రీలకు సంఘంలో చోటు సాధించుకున్నది అక్కడే అని వినయపిటకం చెబుతుంది. చెత్తకుప్పల మీద ఏరుకొచ్చిన పీలికలతో కుట్టిన పాంసుకూల చీవరాన్ని గౌరవించిన సంప్రదాయం మనది. మగధ వరి మడుల గట్లను చూపి తథాగతుడు అలా చీవరం కుట్టగలవా అంటే ఆనందుడు ముక్కలు కలిపి కుట్టి చూపించాడని మహావగ్గంలో ఉంది. పీలికల విలువ ఆ నేలకు కొత్త కాదు.

థేరీగాథల ప్రస్తావన లేకుండా ఈ చర్చ మన పత్రికలో ముగించలేను. డెబ్బైమూడు మంది థేరీల పేర ఉన్న ఐదు వందల పైచిలుకు గాథలవి. స్త్రీలు తమ బతుకును తామే చెప్పుకున్న సాహిత్యంలో ప్రపంచంలోనే చాలా పాతది. అందులో ఇసిదాసి గాథను ఒక వాంగ్మూలంలాగా చదివి చూడండి. పాటలీపుత్రంలో భిక్ష ముగించి, పాత్రలు కడుక్కుని, ఇద్దరు థేరీలు ఒంటరి చోట కూర్చుంటారు. బోధి అనే థేరి అడుగుతుంది, నువ్వింకా వయసులో ఉన్నావు, ఏ లోపం చూసి ఇల్లు విడిచావు అని. ఇసిదాసి మొదలుపెడుతుంది. ఉజ్జయినిలో వర్తకుడి ఒక్కగానొక్క కూతురు. సాకేతంలో పెళ్లి. పొద్దున్నా సాయంత్రమూ అత్తమామలకు మొక్కడం, మొగుడికి దాసిలా సేవ చేయడం, అన్నం వండడం, గిన్నెలు కడగడం, అన్నీ పూస గుచ్చినట్టు చెబుతుంది. ఏ తప్పూ చేయలేదు. అతను మాత్రం ఈమెతో ఒకే ఇంట్లో ఉండనన్నాడు. పుట్టింటికి పంపారు. తండ్రి సగం ఓలికి మరొకరికిచ్చాడు. నెలకే ఆ ఇల్లూ పోయింది. మూడోసారి ఒక బిచ్చగాణ్ణి పట్టుకొచ్చి ఇచ్చాడు. పదిహేను రోజులకు అతనూ తన ముంత తనకిమ్మని వెళ్లిపోయాడు. చావాలా, సంఘంలో చేరాలా అని ఆలోచిస్తుండగా జినదత్త అనే థేరి వచ్చింది.

అడిగింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది గమనించండి. అడిగింది అదే దారిలో నడిచిన స్త్రీ. తిండి తిని, పని ముగిశాక, ఎవరూ లేని చోట అడిగింది. ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంది. బోధి థేరి పద్ధతి ఈనాటి కౌన్సెలింగ్ పుస్తకాల్లో చాలాచోట్ల ఉండదు.

కానీ ఇసిదాసి గాథ అక్కడ ముగియదు. తర్వాతి భాగంలో ఆమె తన ఏడు పూర్వజన్మలు చెబుతుంది. ఒక జన్మలో ఎరకచ్ఛ అనే ఊళ్లో కంసాలిగా పుట్టి పరస్త్రీలతో తిరిగిన పాపానికి ఇన్ని కష్టాలు పడ్డానంటుంది. గిన్నెలు కడిగిన స్త్రీ గొంతు, ఈ పూర్వజన్మల పట్టిక చదివే గొంతు నాకు ఒక్కటిగా వినిపించవు. మొదటిది అనుభవం. రెండోది ఆ అనుభవానికి ఎవరో చెప్పిన కారణం. మొగుడి తప్పు, తండ్రి బేరం, సమాజపు నీతి అన్నీ తుడిచేసి భారమంతా ఆమె గత జన్మ మీద వేసే కారణం. బాబాసాహెబ్ 1957లో వెలువడిన 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో, గత జన్మ కర్మఫలం ఈ జన్మకు వస్తుందన్న సిద్ధాంతం బుద్ధుడిది కాదని గట్టిగా వాదించారు. ఆ వాదాన్ని ఇసిదాసి గాథ పక్కన పెట్టి చదివితే, స్త్రీ కథ పదిలపరచిన చేతులే దానికి తమ తీర్పు కూడా అతికించగలవని అర్థమవుతుంది. ఆ చేతులు లేకపోతే ఇసిదాసి మన దాకా వచ్చేది కాదు, అది కూడా నిజమే.

మా ప్రాంతపు ఒక ఆశ్రయ గృహంలో యాభై ఏళ్ల స్త్రీ ఒకామె ఉండేది. కేసుకు కావలసింది ఇల్లు విడిచిన తేదీ. సంవత్సరం తెలుసు, తేదీ ఆమెకు గుర్తు లేదు. ఎన్నిసార్లు అడిగినా 'చీకటి పడ్డది మేడం' అనేది. ఒక మధ్యాహ్నం అందరికీ కాగితాలిచ్చి ఎవరి ఇల్లు వాళ్లు గీయమంటే, ఆమె ఇల్లు గీయలేదు. పెద్ద బస్సు గీసింది, కిటికీలన్నీ లెక్కగా. లోపల ఆడవాళ్లు, ఒళ్లో పళ్లేలు.

'వీళ్లెవరక్కా?' అన్నాను.

'బతుకమ్మ ఆడి ఇండ్లకు వోతున్నరు. నేనేడుస్తుంటే ఒకామె మలీద పెట్టింది.'

సద్దుల బతుకమ్మ. ఆ ఏడాది క్యాలెండర్ తెరిస్తే తేదీ దొరికింది. కోర్టుకు కావలసింది మాకు అందింది. ఆమెకు మాత్రం ఆ రాత్రి గురించి గుర్తున్నది పారిపోవడం కంటే ఎక్కువగా ఆ ముద్ద మలీద. తేదీ రాసుకుని నేను కాగితం ఫైలులో పెట్టబోతుంటే, 'నా బొమ్మ నాకియ్యి మేడం' అంది. జిరాక్స్ తీసి ఫైలులో పెట్టాం. అసలు కాగితం ఆమె పెట్టెలోకి వెళ్లింది.

మళ్లీ మధుబని. 2024లో గోద్నా చిత్రకారులైన శాంతిదేవి పాస్వాన్, శివన్ పాస్వాన్ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. జగదంబాదేవికి వచ్చిన దాదాపు యాభై ఏళ్లకు దుసాధుల పచ్చబొట్టు రాష్ట్రపతి భవన్ చేరింది. అంతకు మూడేళ్ల ముందు, 2021లో, రాంటీ గ్రామానికి చెందిన దులారీదేవికి అదే గౌరవం దక్కింది. ఆమె మల్లాహు కులస్త్రీ. చిన్నతనంలో పెళ్లి, పుట్టిన బిడ్డ నెలల వయసులోనే పోయింది, పుట్టింటికి తిరిగి వచ్చేసింది. ఇళ్లలో పాచిపని చేస్తూ, చిత్రకారిణి మహాసుందరీదేవి ఇంట్లో వాకిలి ఊడుస్తూ, అక్కడ గీసేవాళ్లను చూసి నేర్చుకుంది. తన బతుకునే బొమ్మలుగా గీస్తే చెన్నైలోని తారా బుక్స్ దాన్ని పుస్తకంగా వేసింది. చేపలు పట్టే తండ్రి, వరి పొలం, అంట్లు తోమే పిల్ల, చివరకు కుంచె. దులారీదేవి బడికి వెళ్లలేదు. చదవడం రాయడం రావు. పేరు రాయడం, ఊరి పేరు రాయడం మాత్రం నేర్చుకున్నారు, బొమ్మ కింద సంతకం పెట్టడానికి.